ఇంజిన్ భాగాలకు పౌడర్ కోటింగా, పెయింటా?

(విజయవాడలో డిప్లొమా ఆటోమొబైల్ విద్యార్థుల ముందు ఒక గ్యారేజీ మేస్త్రీ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. మైకు వద్దులెండి. కంప్రెసర్ మోత మీద అరిచి అరిచి నా గొంతు ఎప్పుడో సెట్టయిపోయింది. వెనక బెంచీ వాళ్లకు వినపడకపోతే చెయ్యెత్తండి.

ముందు ఈ బల్ల మీదున్న రెండు ముక్కలు చూడండి. రెండూ అంబాసిడర్ ట్యాపెట్ కవర్లే, అంటే ఇంజిన్ తల మీద ఉండే మూతలు. పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌వి, రేకు నొక్కి చేసినవి. రెండూ నల్లగా నిగనిగలాడుతున్నాయి. చేతిలోకి తీసుకోండి, గోటితో గీకండి, పక్కవాళ్లకివ్వండి. ఏది పౌడర్ కోటింగ్, ఏది పెయింట్ అన్నది మీరే చెప్పాలి. తొందరేం లేదు, కాసేపయ్యాక అడుగుతాను.

మా షెడ్డు ఆటోనగర్‌లో. కొత్త బండ్లు మా దగ్గరకు రావు. వచ్చేవన్నీ అంబాసిడర్లు, పద్మినీలు, పాత మారుతి 800లు. తాతగారి కారు, నాన్నగారి కారు అని ప్రేమతో తెచ్చేవాళ్లే ఎక్కువ. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. ఉన్న ముక్కనే కాపాడుకోవాలి, పాడు చేసుకుంటే షోరూముకెళ్లి కొనుక్కొచ్చేది కాదు. ఇంజిన్ దించాక కస్టమర్ ఫోన్ తీసి ఏదో విదేశీ కారు బానెట్ కింద ఫొటో చూపిస్తాడు. అద్దంలా మెరుస్తుంటుంది. "అన్నా, మనం కూడా మొత్తం పౌడర్ కోటింగ్ కొట్టించేద్దాం, పెయింటయితే ఊడిపోద్ది" అంటాడు. ఆ 'మొత్తం' అన్న మాట దగ్గరే నాకు టెన్షన్ మొదలవుతుంది.

నేను వెంటనే అవుననీ అనను, కాదనీ అనను. విప్పిన ప్రతి ముక్కనూ చేత్తో పట్టుకుని, ఇది రెండు వందల డిగ్రీల ఓవెన్‌లోకి వెళ్లి క్షేమంగా తిరిగొస్తుందా అని చూస్తాను. పౌడర్ కోటింగ్ గట్టిదే, అందులో గొడవేమీ లేదు. అయితే ఆ గట్టిదనం కోసం ముక్క ఏమేం భరించాలో చాలామంది అడగరు. ఈ గంటసేపు నేను మాట్లాడేదంతా దాని గురించే.

పేరు తెలియకపోయినా పౌడర్ కోటింగ్ మీ అందరి ఇళ్లలోనూ ఉంటుంది. బీరువా మీదున్నది అదే, అల్యూమినియం కిటికీ మీదున్నదీ అదే. రెసిన్, రంగు, హార్డెనర్ కలిపి మెత్తగా పిండి కొట్టిన పొడి. థిన్నర్ ఉండదు. గన్ కొనలో ఒక ఎలక్ట్రోడ్ ఉంటుంది, దానికి 100 కిలోవోల్టుల దాకా వోల్టేజీ ఇస్తారు. పొడి రేణువులకు చార్జ్ ఎక్కుతుంది. ముక్కను కొక్కేనికి వేలాడదీసి ఎర్తు చేస్తారు. పొడి ఎగిరెళ్లి దాన్ని పట్టుకుంటుంది. ఈ దశలో చేత్తో తుడిస్తే ముగ్గుపిండిలా ఊడొచ్చేస్తుంది. ఆ తర్వాత ఓవెన్. అక్కడ పొడి కరిగి, పారి, ఒకదానితో ఒకటి అల్లుకుని గట్టిపడుతుంది.

మొదట్లో ఈ గన్ కూడా లేదు. 1950లలో జర్మనీలో ఎర్విన్ గెమ్మర్ అనే ఆయన ఒక తొట్టిలో పొడి పోసి, అడుగు నుంచి గాలి వదిలాడు. పొడి ఉడికే గంజిలా కుతకుతలాడింది. వేడి చేసిన ముక్కను అందులో ముంచి తీస్తే పూత పట్టేది. గన్‌తో కొట్టడం 1960లలో వచ్చింది. ఇదెందుకు చెప్పానంటే, ఇప్పటికీ ఈ పద్ధతి ప్రాణమంతా వేడిలోనే ఉంది. గన్ పట్టుకునేవాడు ఎంత నేర్పరైనా ఓవెన్ దగ్గర ఉన్నవాడు తొందరపడితే అంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఏం బాబూ, చెయ్యెత్తావు? ఇంజిన్ వేడికి ఆ పొడి మళ్లీ కరగదా అంటున్నావు. మంచి ప్రశ్న. బెల్లం పాకమైతే మళ్లీ వేడి చేస్తే మళ్లీ కరుగుతుంది. ఇది బెల్లం పాకం కాదు, ఉడికిన గుడ్డు. ఒకసారి గట్టిపడ్డాక మళ్లీ వేడి చేస్తే మాడుతుందే గానీ కరగదు. ఇంజిన్‌లో నీళ్ల వేడి దాదాపు 90, ఆయిల్ వేడి గట్టిగా తోలితే 120, 130. ట్యాపెట్ కవర్, అడుగున ఆయిల్ ఉండే చాంబర్, పుల్లీలు, బ్రాకెట్లు ఉండేది ఆ చుట్టుపక్కలే. మామూలు పౌడర్‌కు అది పెద్ద లెక్క కాదు.

ఇప్పుడు ఆ రెండు కవర్లు ఇటివ్వండి. ఏది పెయింటన్నారు? కుడి చేతిలోదా? ఎంతమంది? సరే, సగానికి పైనే ఉన్నారు. ఎడమదంటున్న వాళ్లు? ఇదిగో థిన్నర్, ఇదిగో గుడ్డ. నువ్వు రా బాబూ, ముందు ఎడమదాని మీద పాతికసార్లు రుద్దు. గుడ్డకేం అంటలేదు కదా. ఇప్పుడు కుడిదాని మీద రుద్దు. గుడ్డంతా నల్లగా అయిపోయింది, కవర్ మీద మెరుపు పోయింది. "పెయింట్, సార్!" అని అరిచేస్తున్నారు.

(నవ్వులు)

రెండూ పౌడరే. ఒకే డబ్బాలో పొడి, ఒకే షాపు, ఒకే రోజు. ఒకటి పూర్తిగా ఉడికింది, రెండోది ఉడకలేదు. చూస్తే మీకే కాదు, నాకూ తేడా తెలియలేదు. పెట్రోలు చుక్క పడ్డ రోజున తెలిసింది.

ఎందుకిలా అయిందో చెబుతాను. పొడి డబ్బా మీద 200 డిగ్రీలు, 10 నిమిషాలు అని రాసి ఉంటుంది. ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది, 180 దగ్గర 20 నిమిషాలని కూడా ఉంటుంది. ఆ లెక్క ఓవెన్‌లోని గాలిది కాదు, ముక్క లోహానిది. లోహం 200కు చేరాక గడియారం చూడటం మొదలుపెట్టాలి. బీరువా రేకు చిటికెలో వేడెక్కుతుంది. అదే బీడు (పోత ఇనుము) బ్రాకెట్టుకు అరగంట పట్టినా ఆశ్చర్యపోవద్దు. అప్పడం వేగే టైములో గారె వేగుతుందా? మన ఊళ్లలో కోటింగ్ షాపులకు రోజువారీ పని బీరువాలు, గేట్లు, గ్రిల్సు. వాళ్ల చేయి రేకుకు అలవాటు పడి ఉంటుంది. మన ఇంజిన్ ముక్కలను కూడా ఆ రేకులతోనే లోపలికి తోసి, వాటితోనే బయటికి తీస్తారు. మరి కవర్ రేకుదే కదా అంటారేమో. ఈ రెండోదాన్ని పెద్ద పోత ముక్కల పక్కన ఒక మూల వేలాడదీశారు. తలుపు కూడా మధ్యలో రెండుసార్లు తెరిచారట. ఆ షాపు పేరు చెప్పను, తర్వాత వాళ్లే ఊరికే మళ్లీ చేసిచ్చారు. దీన్ని మాత్రం ఇలా మీలాంటి వాళ్లకు చూపించడానికి దాచుకున్నాను.

కోటింగ్ షాపుకు వెళ్తే నేను రెండు ప్రశ్నలు అడుగుతాను. ముక్క వేడి ఎలా కొలుస్తారు అన్నది ఒకటి. రెండోది, సెవెన్ ట్యాంక్ ఉందా అని. అంటే ముక్కను వరసగా ఏడు తొట్లలో కడగడం. జిడ్డు తీయడం, కడగడం, తుప్పు తీయడం, కడగడం, ఫాస్ఫేట్ పట్టించడం, కడగడం, చివరగా పాసివేషన్, అంటే ఆ పొర మీద తుప్పును ఆపే మందు పట్టించడం. ఇనుప రేకుకు ఇది బంగారం లాంటి పద్ధతి. కల్లాపి చల్లకుండా, అలక్కుండా ముగ్గేస్తే ఎంతసేపు నిలుస్తుంది? పూతా అంతే. కానీ ఇంజిన్ ముక్క విషయంలో ఈ తొట్లలో రెండు ప్రమాదాలున్నాయి. తుప్పు తీసే తొట్టిలో యాసిడ్ ఉంటుంది. రెండు రేకులు మడిచి అతికిన చోట ఆ యాసిడ్ దాక్కుంటే నెలల తర్వాత కూడా కారుతూనే ఉంటుంది. గట్టి స్ప్రింగులు, హై టెన్సైల్ బోల్టులు అందులో ముంచితే హైడ్రోజన్ లోపలికెళ్లి పెళుసుబారిపోతాయి. వాటిని పౌడర్‌కు పంపనే వద్దు. ఇంకోటి, జిడ్డు తీయడానికి కొందరు వేడి కాస్టిక్ వాడతారు. బీడుకు ఫరవాలేదు. అల్యూమినియం ముక్క అందులో పడితే నురగలు కక్కుతూ కరిగిపోతుంది. మా షెడ్డులోనే ఒక కుర్రాడు అల్యూమినియం వాటర్ పంప్ బాడీని కాస్టిక్ డ్రమ్ములో వేసి టీకి వెళ్లాడు. వచ్చేసరికి నల్లగా, గుంటలు గుంటలుగా ఉంది. వాణ్ణి తిట్టలేదు, డ్రమ్ము మీద పెద్దక్షరాలతో రాయనిది నేనే కదా.

ఇక పోత ముక్కల సంగతి. అల్యూమినియం పోత గానీ బీడు గానీ పైకి గట్టిగా కనిపిస్తుంది, లోపల సన్నని రంధ్రాలుంటాయి. ముప్ఫై ఏళ్లు ఆయిల్లో నానిన ముక్క మరీను. పైన ఎంత కడిగినా ఆ రంధ్రాల్లోని ఆయిల్, గాలి ఓవెన్‌లో వేడికి బయటికొస్తాయి. అదే సమయంలో పైన పొడి కరిగి జిగురులా ఉంటుంది. అట్టు మీద లేచినట్టు బుడగలు లేస్తాయి. పగిలితే సూది బెజ్జాలు. దీనికి మందు, పూత వేయకముందే ఒట్టి ముక్కను పూత వేడి కంటే కొంచెం ఎక్కువ వేడిలో గంటసేపు కాల్చడం. పొగ వస్తుంది, జిడ్డు బయటికి కక్కుతుంది. మళ్లీ తుడిచి, బ్లాస్టింగ్ చేసి, అంటే గాలి ఒత్తిడితో ఇసుకో గాజు పూసలో కొట్టి శుభ్రం చేసి, అప్పుడు పొడి కొట్టాలి. ఇలా రెండుసార్లు ఓవెన్ ఎక్కించడానికి కొన్ని షాపుల వాళ్లు ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే ఆ పోత ముక్కకు నేను పెయింటే వేస్తాను. బుడగలతో మెరిసే పౌడర్ కంటే నున్నని పెయింట్ వెయ్యి రెట్లు మేలు.

బ్లాస్టింగ్ అన్నాను కదా, ఇక్కడ కాస్త ఆగాలి. నా వృత్తిలో నాకు అన్నిటికంటే ఖరీదైన పాఠం ఇక్కడే దొరికింది.

ఒక అల్యూమినియం ట్యాపెట్ కవర్. లోపలి వైపు, ఇంజిన్‌లోని ఆవిరి బయటికెళ్లే బ్రీదర్ కోసం ఒక రేకు ప్లేటును రివెట్లతో బిగించి ఉంటుంది. ఆ ప్లేటుకూ కవర్‌కూ మధ్య ఖాళీ. నేను ప్లేటు విప్పకుండానే గ్లాస్ బీడ్ బ్లాస్టింగ్‌కు పంపాను. కోటింగ్ అద్భుతంగా వచ్చింది, సన్నని ముడతలతో ఉండే ఎర్ర రింకిల్ ఫినిష్. ఆ ఎరుపుకో కథ ఉందిలెండి, ఫెరారీ వాళ్లు 1950లలో రేసు కార్ల క్యామ్ కవర్లకు ఎర్ర రంగు వేసి, ఆ కార్లకే టెస్టా రోసా అని పేరు పెట్టారు. ఇటాలియన్‌లో ఎర్ర తల అని అర్థం. మా కస్టమర్‌కు ఆ పిచ్చి. సరే, బిగించాం, స్టార్ట్ చేశాం, అందరూ ఫొటోలు దిగారు. నెల తిరక్కుండానే ఆయిల్ ప్రెషర్ లైటు వెలిగింది. చాంబర్ విప్పితే అడుగున ఇసుకలా మెరుస్తోంది. ఆ ప్లేటు వెనక దాక్కున్న గాజు పూసలు వేడి ఆయిల్‌తో కలిసి ఒక్కొక్కటే జారి, బేరింగుల్లోకి వెళ్లాయి. షెల్స్ మీద గీతలు, క్రాంకు మీద గీతలు. క్రాంకు గ్రైండింగ్ ఖర్చంతా నా జేబులోంచే పెట్టుకున్నాను. పైన పటారం, లోన లొటారం అంటారే, అది నేను స్వయంగా చేసిన పని.

అప్పటి నుంచి మా షెడ్డులో ఒక పట్టుదల ఉంది. ఆయిల్ తగిలే లోపలి భాగం ఉన్న ఏ ముక్కకైనా లోపల ప్లేటుంటే రివెట్లు తీసేయాలి, లేదా అసలు బ్లాస్టింగే వద్దు. ఇన్‌లెట్ మానిఫోల్డ్, చాంబర్, టైమింగ్ కవర్, అన్నిటికీ ఇదే. ఇసుకైనా గాజైనా ఒకటే. పెయింటుకైతే వైరు బ్రష్షు, ఎమరీ పేపర్, థిన్నర్‌తో సరిపోతుంది. పెయింట్ వైపు నేను మొగ్గడానికి సగం కారణం ఇదే.

ఇప్పుడు బోల్టుల దగ్గరికొద్దాం. మీకు థియరీలో ప్రీలోడ్ చెప్పే ఉంటారు. బోల్టు అంటే గట్టి రబ్బరు బ్యాండ్ లాంటిది. బిగిస్తే కాస్త సాగుతుంది, ఆ సాగిన బలమే రెండు ముక్కలను పట్టి ఉంచుతుంది. ఎంత సాగుతుంది? 8 మిల్లీమీటర్ల బోల్టు, 30 మిల్లీమీటర్ల పట్టు అనుకోండి. పూర్తి టార్కు పెడితే సాగేది మిల్లీమీటరులో వందో వంతులు ఐదారు, అంతే. అంటే 50, 60 మైక్రాన్లు. పౌడర్ కోటింగ్ పొర ఒక్కటే 60 నుంచి 80 మైక్రాన్లు. డైనమో బ్రాకెట్‌కు రెండు పక్కలా పూత, బ్లాకు ముఖం మీద పూత, వాషర్ కింద పూత, ఇలా నాలుగు పొరలు పడితే మిల్లీమీటరులో పావు నుంచి మూడో వంతు దాకా ప్లాస్టిక్ మధ్యలో కూర్చుంటుంది. వేడెక్కిన కొద్దీ ఆ ప్లాస్టిక్ మెల్లగా నలుగుతుంది. నలిగింది 50 మైక్రాన్లయినా బోల్టులో బిగువు మొత్తం పోయినట్టే. వారం తర్వాత బెల్టు కీచుమంటుంది, కస్టమర్ "మేస్త్రీగారూ, మీరు సరిగ్గా బిగించలేదు" అంటాడు. నిజంగా బిగించే ఉంటాం!

కాబట్టి బోల్టు తల కూర్చునే చోటు, ముక్కకు ముక్క ఆనే ముఖం, ప్యాకింగ్ కూర్చునే ముఖం, మర చుట్లు, బేరింగ్ కూర్చునే గుంట, ఇవన్నీ ఒట్టి లోహంగానే ఉండాలి. వేడికి తట్టుకునే సిలికాన్ బిరడాలు, ఆకుపచ్చ పాలిస్టర్ టేపు దొరుకుతాయి. కోటింగ్ షాపు వాళ్లే వేసేస్తారులే అనుకోకండి. నేను ఇక్కడే కూర్చుని టేపు అంటించి, తీసుకెళ్లి అప్పగిస్తాను. ఇది బీరువా కాదని వాళ్లకు గుర్తు చేసినట్టూ ఉంటుంది. ఎర్తు సంగతి మరీ ముఖ్యం. పౌడర్ మంచి ఇన్సులేటర్. ఎర్తు తీగ బిగించే చోట పూత ఉంటే సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజిన్ మూలుగుతుంది. కొత్త బ్యాటరీ కొనిపించాక గానీ అసలు కారణం దొరకదు.

పెయింటుకు ఈ బెడద లేదా? ఉంది, కాకపోతే తక్కువ. పలచగా వేస్తే పొర 30, 40 మైక్రాన్లే. పొరపాటున పడినా బ్లేడుతో గీకేయొచ్చు. పౌడర్‌ను గీకడానికి కూర్చుంటే సాయంత్రమవుతుంది.

ఓవెన్‌లోకి అస్సలు వెళ్లకూడనివి చెప్పి ఈ భాగం ముగిస్తాను. పాత ఇత్తడి రేడియేటర్ మొదటిది. దాని ట్యాంకును సీసం, తగరం కలిసిన సోల్డర్‌తో అతుకుతారు. ఆ సోల్డర్ 183 డిగ్రీలకే కరగడం మొదలుపెడుతుంది. ఓవెన్‌లో 200. ముక్కలు ముక్కలుగా తిరిగొస్తుంది. కొత్త రేడియేటర్లకేమో ట్యాంకులు ప్లాస్టిక్‌వి. పైగా రేడియేటర్ ఫిన్నుల మధ్యలోకి పొడి వెళ్లదు. విద్యుత్ క్షేత్రం ఇరుకు సందుల లోపలికి చొరబడదు, ఫారడే బోను అని మీ ఫిజిక్సులోదే. పొడి ఫిన్నుల అంచుల మీదే పేరుకుపోయి గాలి దారి మూసేస్తుంది. రేడియేటర్‌కు పలచని నల్ల పెయింట్, అదీ పొగమంచులా, అంతకు మించి వద్దు. ఆయిల్ సీళ్లు, రబ్బరు బుష్షులు, ఫౌండేషన్ రబ్బర్లు, ప్లాస్టిక్ ముక్కలు ఉన్నవి ఏవైనా సరే, అవి తీశాకే ఓవెన్.

ఈ సందులోనే ఒక అపోహ గురించి కూడా మాట్లాడాలి. పౌడర్ దుప్పటిలా పనిచేసి ఇంజిన్‌ను వేడెక్కిస్తుందని మా మేస్త్రీ చెప్పేవాడు, నేనూ చాలా ఏళ్లు నమ్మాను. లెక్క వేసి చూస్తే అలా లేదు. ప్లాస్టిక్ వేడిని సరిగ్గా పోనివ్వదు, నిజమే. కానీ పొర మందం 80 మైక్రాన్లు. లోహం నుంచి గాలిలోకి వేడి వెళ్లేటప్పుడు అసలు అడ్డంకి గాలి దగ్గరే. గాలి వేసే అడ్డు 100 అనుకుంటే ఈ పూత వేసే అడ్డు ఒకటో, ఒకటిన్నరో. ఇంకో విచిత్రం, మెరుగు పెట్టిన ఒట్టి అల్యూమినియం వేడిని కిరణాల రూపంలో చాలా తక్కువగా వదులుతుంది. ఏ రంగు పెయింట్ గానీ పౌడర్ గానీ వేసినా దానికంటే పది రెట్లు వరకూ ఎక్కువ వదులుతుంది. ఈ వేడి దగ్గర నలుపూ తెలుపూ దాదాపు ఒకటే. అందుకే చాంబర్‌కు నలుపే ఉండాలని పట్టుపట్టకండి. నేను లేత బూడిద రంగు వేస్తాను. ఆయిల్ లీకైతే ఎక్కడి నుంచి కారుతోందో వెంటనే కనిపిస్తుంది. నలుపు వేస్తే కింద సిమెంటు మీద మరక చూసి వెతుక్కోవాలి.

ఇంజిన్ పొగను బయటికి తీసుకెళ్లే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు మాత్రం ఈ లెక్కలేవీ పనికిరావు. గట్టిగా లాగుతున్న పెట్రోల్ ఇంజిన్ మానిఫోల్డ్ 600 డిగ్రీలు దాటుతుంది, రాత్రి పూట ఎర్రగా కనిపిస్తుంది కూడా. మామూలు పౌడర్ మాడి మసైపోతుంది, మామూలు పెయింట్ ఇంకా ముందే. దీనికి సిలికాన్ రెసిన్‌తో చేసిన అల్యూమినియం పెయింట్ ఉంటుంది, బాయిలర్ల పొగగొట్టాలకు వేసే వెండి రంగు. వేడికి అందులోని సేంద్రియ భాగం కాలిపోయి, మిగిలిన సిలికా అల్యూమినియం రేకలను లోహానికి పట్టి ఉంచుతుంది. వేశాక ఇంజిన్‌ను కాసేపు నడిపి ఆపడం, చల్లారాక ఇంకాస్త ఎక్కువసేపు నడపడం, ఇలా దశలవారీగా కాల్చాలి. మొదటి రోజే హైవే ఎక్కిస్తే పొలుసులుగా లేస్తుంది. డబ్బుంటే సిరామిక్ కోటింగ్ చేయిస్తారు, అది వేరే లోకం. అంబాసిడర్‌లో ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్కనుంటాయి. కాబట్టి ఇన్‌లెట్ మానిఫోల్డ్‌కు పౌడర్ వేయిద్దామనుకునేవాళ్లు దాని పొరుగు ఎవరో చూసుకోవాలి.

ఇప్పుడు బ్లాకు. దానికి పెయింటే, నాకు రెండో ఆలోచన లేదు. అంత బరువున్న బీడును ఓవెన్‌లో సమంగా వేడెక్కించడానికి గంటలు పడుతుంది. పిస్టన్లు ఆడే బోర్లు, ఆయిల్ దారులు, మర చుట్లు అన్నీ మూయాలి, ఒక్క చోట పొడి జారినా మళ్లీ మొదటికే. పెయింటయితే అంతా బిగించాక కూడా వేసుకోవచ్చు.

అయితే మన వాళ్లు పెయింట్ ఊడిపోద్ది అనడానికి కారణం పెయింట్ కాదు, డీజిల్ వాష్! ఇంజిన్‌ను డీజిల్‌తో కడిగి, గాలి కొట్టి, ఆరిందనుకుని పెయింట్ వేసేస్తారు. డీజిల్ ఆరదు, పలచని నూనె పొరలా మిగిలిపోతుంది. దాని మీద ఏది వేసినా చేపపొలుసే. డీజిల్‌తో కడగండి, కాదనను. తర్వాత డిగ్రీజర్, వేడి నీళ్లు, ఆరాక తెల్ల గుడ్డకు థిన్నర్ పెట్టి తుడవడం. గుడ్డ తెల్లగా తిరిగొచ్చే వరకూ తుడుస్తూనే ఉండాలి. ఆ తర్వాత ఎపాక్సీ ప్రైమర్. అల్యూమినియానికైతే ఎచ్ ప్రైమర్ అయినా సరే, ఏదో ఒకటి ఉండాల్సిందే, నేరుగా పెయింట్ పట్టుకోదు. పైన ఇంజిన్ ఎనామెల్, పలచగా రెండు మూడు చేతులు. డుకో, అంటే థిన్నర్ ఆరిపోతే గట్టిపడే పాతకాలపు లాకర్ పెయింట్, వద్దు, దాన్ని పెట్రోలే కరిగించేస్తుంది. కార్బురేటర్ కింద వేస్తే మొదటి లీకుకే చారలు పడతాయి.

హార్డెనర్ కలిపే టూ-కే పెయింట్లు ఇంకా గట్టివి. కానీ వాటిలో ఐసోసయనేట్లుంటాయి. మూతికి రుమాలు కట్టుకుని కొట్టే పని కాదది. ఒకసారి ఊపిరితిత్తులకు పడకపోవడం మొదలైతే, ఆ తర్వాత చిన్న వాసన తగిలినా ఉబ్బసం వస్తుంది. నాతో కలిసి పని నేర్చుకున్న స్నేహితుడు ఒకడు అలాగే పెయింటింగ్ మానేశాడు, ఇప్పుడు స్పేర్ పార్ట్స్ కొట్టు పెట్టుకున్నాడు. బయటి నుంచి గాలి వచ్చే మాస్కు ఉంటేనే ఆ గన్ పట్టుకోండి. ఓనరు నవ్వినా సరే.

మరి పౌడర్ ఎక్కడ వేయిస్తాను? రేకు ట్యాపెట్ కవర్, పుల్లీ, ఫ్యాను, బ్యాటరీ ట్రే, ఎయిర్ క్లీనర్ డబ్బా. పూర్తిగా విప్పొచ్చు, పూర్తిగా కడగొచ్చు, లోపల దాక్కునే సందు లేదు. వీటికి పౌడర్‌ను మించింది లేదు, ఏళ్ల తరబడి తుడిస్తే చాలు. చాంబర్‌కు కూడా వేయొచ్చు గానీ నాకు మనసొప్పదు. రాయి తగిలి ఒక చోట పెచ్చు లేస్తే నీళ్లు పూత కిందకి దూరతాయి, తుప్పు లోలోపల పాకుతుంది, పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది. పెయింటయితే బ్రష్షుతో ఒక ముద్ద పూస్తాం. ఇంజిన్ ఫౌండేషన్ బ్రాకెట్లకూ పెయింటే. పగులు వస్తే పలచని పెయింట్ దాన్ని దాచదు. మందపాటి పౌడర్ కొన్నాళ్లు దాచేస్తుంది.

సరే, ప్రశ్నలుంటే అడగండి.

కార్బురేటర్ బాడీయా? వద్దమ్మా. చాలా వరకు అది జింకు పోత, ఓవెన్‌లో బుడగలు బుడగలుగా తేలుతుంది. శుభ్రంగా కడిగి అలాగే వదిలేయ్, అదే అందం.

అల్యూమినియం బలం తగ్గదా అంటున్నావా? హీట్ ట్రీట్‌మెంట్ చేసిన అల్యూమినియాన్ని గట్టిపరిచేది 150, 180 డిగ్రీల చుట్టుపక్కలే, గంటల తరబడి. ఓవెన్ వేడి దానికి పైన ఉంటుంది కాబట్టి నీ అనుమానం సరైందే. ట్యాపెట్ కవర్‌కు ఇరవై నిమిషాలతో ఏమీ కాదు, అది మోసే బరువేం లేదు. బరువు మోసేవి, ముఖ్యంగా అల్లాయ్ వీల్స్, వాటిని మళ్లీ మళ్లీ ఓవెన్‌కు పంపడం నాకిష్టం లేదు.

ఇంట్లో కేకుల ఓవెన్‌లో చేసుకోవచ్చా? (నవ్వులు) చేసుకో, కానీ ఆ తర్వాత అందులో కేకు చేయొద్దు. అమ్మకు చెప్పి చెయ్.

నా సొంత కారా? అంబాసిడరే. బ్లాకుకు బ్రష్షుతో వేసిన ఎనామెల్, దగ్గరగా చూస్తే బ్రష్షు గీతలు కూడా కనిపిస్తాయి. కవర్, పుల్లీలు పౌడర్. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు ఏమీ వేయలేదు, గోధుమ రంగు తుప్పుతో హాయిగా ఉంది.

ఇంకొక్క విషయం, టీ చల్లారేలోపు. బ్లాకు మీద ఇంజిన్ నంబరు పొడిచి ఉంటుంది. బ్లాస్టింగ్ చేస్తే ఆ అంకెలు అరిగిపోతాయి, మందంగా పెయింట్ వేస్తే పూడిపోతాయి. రేపు ఓనరు బండి అమ్ముకోబోతే ఆర్టీఓ ఆఫీసులో ఇన్‌స్పెక్టర్ నంబరు చూపించమంటాడు, ఆర్సీతో సరిపోలకపోతే ఆ గొడవ మన మెడకే చుట్టుకుంటుంది. పని మొదలుపెట్టే ముందే నంబరును శుభ్రంగా తుడిచి, తెల్లకాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్దండి. అంకెలన్నీ పడితే కాగితం ఫైల్లో పెట్టి, నంబరు మీద టేపు అంటించి, అప్పుడు గన్ తీయండి.